పాతరకు ఊపిరి ఉండదు

మొన్న మాఘం వెళ్ళిన వారానికి మా మనవడు కొత్త ఇంటికి పునాదులు తీయిస్తూ ఉంటే, పాత మిద్దె ముందరి వాకిట్లో యంత్రం పళ్ళు ఠంగుమని ఒక నాపబండకు తగిలాయి. బండను పక్కకు తోయిస్తే దాని కింద మనిషి భుజాలు పట్టేంత నల్లటి నోరు ఒకటి బయటపడింది. ఇంకేముంది, పనివాళ్ళు పని ఆపేశారు, వీధిలోని పడుచువాళ్ళంతా పోగయ్యారు, నిధి అని ఒకరు, నవాబుల కాలం నాటి సొరంగం అని ఇంకొకరు, ఎవరి కథ వాళ్ళు అల్లడం మొదలుపెట్టారు. పక్కింటివాళ్ళ చిన్నోడు, నిరుడే పెళ్ళయినవాడు, నడుముకు మోకు కట్టుకుని, సెల్లు దీపం చేతపట్టుకుని, దిగడానికి కాళ్ళు లోపలికి జారవేశాడు. పంచలో మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్న నేను, ఈ వయసులో నాకు అంత గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో గాని, చేట వదిలేసి అరిచాను.

"ఆగురా! దిగితే మల్లా రావు."

"ఏమవ్వా, లోపలుండే బంగారంతా నీదేనా? మాకూ ఇంత పెట్టు," అని వాడు నవ్వాడు.

"బంగారు లేదు, గింగారు లేదు. ముందర దీపం దించండి. సెల్లు కాదు, మంటుండే దీపం."

నా మాట తీసెయ్యలేక మా మనవడు దేవుని గూట్లోని ప్రమిద తెచ్చి, చిన్న బకెట్లో పెట్టి తాడుతో దించాడు. మనిషెత్తు దిగిందో లేదో, ఎవరో నోటితో ఊదినట్టు దీపం కొండెక్కింది. మళ్ళీ వెలిగించి దించారు, మళ్ళీ అక్కడికే వచ్చి ఆరిపోయింది. చిన్నోడు కాళ్ళు పైకి తీసుకుని, మోకు విప్పుకుని, వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. దీన్నేమంటారవ్వా అని అడిగాడు. పాతర అంటారురా అన్నాను. అక్కడున్న ఇరవై మందిలో ఆ మాట విన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

నా ఈడు వాళ్ళెవరైనా ఇది చదువుతూ ఉంటే వాళ్ళకు చెప్పవలసిన పని లేదు, ఆ మాట వినగానే ముక్కులకు ఆ వాసనే వచ్చి ఉంటుంది. కానీ మాట పోతే ఏం పోతుందిలే అనుకునే నాకు, ఆ రోజు ఒక మాట తెలియక ఒక పిల్లవాడి ప్రాణం పోయేది కదా అని తోచి, నిద్ర పట్టక, మా జేజి జ్ఞాపకం వచ్చి, ఈ నాలుగు ముక్కలు రాసి పెడుతున్నాను.

జేజి అంటే మా నాయన తల్లి. నేను మూడో తరగతి దాకా చదివాను, ఆమె అది కూడా లేదు. అయినా మాటలకు అర్థాలు నేను బళ్ళో నేర్చుకున్నవాటికన్నా ఆమె రొట్టె తట్టుతూ చెప్పినవే ఎక్కువ. నందికొట్కూరుకు బండి మీద పోతే పూటంత దూరంలో ఉండే మా పల్లెలో ఆమె తెలియని తావు లేదు, ప్రతి తావుకూ ఆమె దగ్గర ఒక మాట ఉండేది, ఒక మాటకు బదులు ఇంకొక మాట వాడితే ఊరుకునేది కాదు. కట్టెలకని ఆడవాళ్ళమంతా తూర్పు కొండల కోనకు పోయినప్పుడు, కోన మొదట్లోనే చెప్పులు విడిపించి, అమ్మా వస్తాండాము అని గొంతెత్తి చెప్పించేది. ఎవరికి చెబుతున్నామని అడిగితే, కోన మనది కాదు, మనం చుట్టాలం, చుట్టాలు చెప్పకుండా ఇంట్లోకి పోతారా అనేది. కొండ మీద గవి, అంటే రాతి గుహ, ఒకటి ఉంది, ఎప్పుడో ఒక సాధువు కూర్చుని పోయిన చోటు, దాని ముందు అందరూ ఒక రాయి పెట్టి మొక్కి వచ్చేవాళ్ళే గాని లోపలికి తొంగి చూడనిచ్చేది కాదు. గవి ఒంటరిగా ఉండేవాళ్ళ ఇల్లు, తొంగి చూడటం మర్యాద కాదని ఆమె లెక్క.

మా అక్క పెద్దమనిషి అయినప్పుడు జొన్నచొప్ప తడిక కట్టి దాని వెనకాల కూర్చోబెట్టారు. అక్కను ఎందుకు దాచిపెట్టినారు అని నేను ఏడ్చాను. జేజి నా జుట్టు సవరిస్తూ, దాచిపెట్టేది దొంగసొమ్మును, పచ్చిగా ఉండేదాన్ని మరుగు చేస్తారు, అది మరుగు, దాపు కాదు అని చెప్పింది. ఏడేళ్ళదాన్ని, ఏం అర్థమైందో గాని ఏడుపు మానేశాను.

ఇక పాతర సంగతి. ఇల్లరికపు పెళ్ళి చేశారు కాబట్టి ఇప్పటికీ నేనుంటున్న ఈ మా పుట్టింటి మిద్దె ముందర, వీధి నడిచేచోటే, మా జేజినాయన కాలంలో తవ్విన పెద్ద పాతర ఉండేది. పైన మూతి ఒక మనిషి పట్టేంత, లోపల పోయేకొద్దీ కుండ కడుపులాగా వెడల్పు. అడుగున, చుట్టూ ఎండు చొప్ప పరిచి, జొన్నగడ్డి పేనిన లావుపాటి వెంటి గోడలకు చుట్టి, జొన్నలు పోసి, పైన మళ్ళీ గడ్డి కప్పి, నాపబండ మూసి, బంకమన్ను మెత్తి, దాని మీద మన్ను పోసి చదును చేస్తే, పశువులు తొక్కిపోయినా కింద అన్నం ఉందని ఎవరికీ తెలిసేది కాదు. రెండు కరువులు దాటించిన పాతర అది, మొన్న యంత్రానికి తగిలిన బండ దానిదే, మూసి ఎన్నో ఏళ్ళయి నేనూ మరిచేపోయాను. తీసేటప్పుడు మాత్రం పండగే, భయమే రెండూ. బండ ఎత్తి ఒక పొద్దంతా వదిలేసి, దీపం దించి, దీపం నిలిస్తేనే మనిషి దిగాలి. నిలవకపోతే ఇంకో పొద్దు, ఇంకో పొద్దు. దీపం లేకుండా దిగినవాళ్ళు తిరిగిరాని ఊళ్ళు మా చుట్టుపక్కల ఉన్నాయి. అలా తీసిన జొన్నలకు ఒక ఘాటు వాసన, మొదటి రోజు రొట్టె తింటే గొంతులో పట్టేది, రెండో రోజుకు అలవాటయ్యేది, మూడో రోజుకు ఆ వాసన లేకపోతే తిన్నట్టే ఉండేది కాదు.

విత్తనం మాత్రం పాతరలో పోసేవాళ్ళు కాదు. విత్తనానికి దేవునిల్లు. దేవునిల్లంటే వేరే పెద్ద గదేమీ కాదు, వంటింటి వెనకాల ఉండే చీకటి అర, గోడకు ఒక గూడు, గూట్లో దీపం, వంటింటి పొగ వచ్చి తిరిగిపోవడానికి గోడకు ఒక కన్నం. కళ్ళంలో కంకులు కుప్పపోయక ముందే జేజి చేనంతా తిరిగి, మెడ వంచి నిలబడ్డ పచ్చజొన్న కంకుల్ని తన చేత్తో కోసి తెచ్చేది. ఆ గింజల్ని బూడిద, ఎండు వేపాకు కలిపి కుండల్లో పోసి, మూతికి పలుచటి గుడ్డ కట్టి అక్కడ పెట్టేది. శుక్రవారం శుక్రవారం దీపం పెట్టాక కుండల్లో చెయ్యి పెట్టి కలిపి, పిడికెడు ముక్కు దగ్గర పెట్టుకుని చూసేది. ఇది ఆడవాళ్ళ పని. మగవాళ్ళకు విత్తే రోజున గింజలు చేతికి వచ్చేవి, అంతవరకే.

"పాతరకు ఊపిరి ఉండదు మే," అనేది నాతో. "తిండి గింజకు ఊపిరెందుకు, కడుపులోకి పోయేదే గదా. ఇత్తనం అట్ల గాదు. అది నిద్రపోతాండాది. నిద్రపోయేదానికి గాలుండల్ల, దీపముండల్ల, పొద్దుకోసారి ఎవురో ఒకరు వచ్చి పలకరిచ్చాండల్ల."

ఇంకొక కుండ మా ఇంట్లో ఉండేది కాదు, పీర్ల చావిట్లో ఉండేది. మా జేజి అత్తగారి కాలంలో కొట్టం అంటుకుని ఇల్లు, విత్తనం ఒకేసారి పోయాయట. అప్పటి నుంచి ఒక కుండ చావిడికి పోయేది. చావిడి చూసుకునే ఆయన దూదేకుల ఇంటి పెద్ద, పత్తి ఏకేవాడు, ఊరంతటికీ తాత. పీర్లను పట్టుగుడ్డల్లో చుట్టి చెక్కపెట్టెలో పెట్టి ఆ పెట్టెను అటక మీద ఉంచేవాడు, పండగకు తప్ప అది దిగేది కాదు. పెట్టె పక్కన అటక మీద ఊళ్ళోవాళ్ళ వస్తువులు ఉండేవి. తిరునాళ్ళకు పోయేవాళ్ళు ముక్కుపుడకలు, వలసపోయేవాళ్ళు ఇంటి పత్రాలు, అన్నదమ్ములు తగవులాడుకుంటే తగవు తీరేదాకా ఆ సొమ్ము. రాత లేదు, సాక్షి లేదు. పెట్టినవాళ్ళు వచ్చి అడిగితేనే దిగేది. దాన్ని గుడి అని గాని, దాపు అని గాని ఎవరూ అనేవాళ్ళు కాదు, తాత కాపు అనేవాళ్ళు, ఆయన కాసిపెట్టేది కాబట్టి. జేజి ఆ మాట పలికేటప్పుడు ఆమె ముఖంలో ఒక ఠీవి వచ్చేది, ఆ కాపు తన పుట్టింటివాళ్ళదే అన్నట్టు.

నాకు పదకొండేళ్ళు వచ్చిన సంవత్సరం, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. సర్కారువాళ్ళు ఇల్లిల్లూ వెతికి తిండికి మించిన జొన్నలు తీసుకుపోతున్నారని, కొన్ని ఊళ్ళలో విత్తనం కూడా వదల్లేదని పుకారు పుట్టింది. ఉగాది వెళ్ళగానే జేజి, మా మేనత్త పురిటికని ఎర్రగుంట్ల పక్కకు పోయింది. పోయేముందు నన్ను దేవునింటి గడప దగ్గర నిలబెట్టి, మీ అమ్మకు పొయ్యి కాడే పొద్దు చాలదు, నేను వచ్చేదాకా దీపం నీది, కుండలు నీవి అని చెప్పింది. బీగం లేని అర అది. నా చేతికి తాళంచెవి ఇవ్వలేదు గాని, ఇచ్చినదానికన్నా బరువుగా ఉండింది.

ఆమె పోయిన నెలకు మా నాయనా, చిన్నాయనా, ఇంకో ఏడిళ్ళ రైతులూ మా అరుగు మీద కూర్చుని ఒక మాట అనుకున్నారు. మా పాతర ఊళ్ళోకెల్లా పెద్దది, దాంట్లో పాత జొన్నలు సగానికి ఉన్నాయి, వాటి మీద అందరి విత్తనాల కుండలూ దించి మూసేద్దాం, ఎవరికీ తెలియదు, సర్కారువాళ్ళు వచ్చి పోయాక తీసుకుందాం అని. మా నాయన చెడ్డవాడు కాదు, పిరికివాడూ కాదు. ఎనిమిదిళ్ళ విత్తనం పోతే మరుసటేడు ఊరు లేదని ఆయన భయం. కానీ విత్తనం సంగతి ఆయనకు తెలిసింది విత్తే రోజు సంగతి ఒక్కటే.

ఆయన తలకు గుడ్డ చుట్టుకుని దేవునింట్లోకి వస్తే నేను గడపలో అడ్డంగా నిలబడ్డాను. 

"నాయనా, పాతర తిండికి గదా. ఇత్తనానికి ఊపిరుండల్లంట, జేజి చెప్పింది."

"ఏమ్మే, నిన్నగాక మొన్న పుట్టినదానివి, సేద్యం నాకు నేర్పిచ్చాండావా?" అన్నాడు గాని కోపంగా కాదు. నా తల మీద చెయ్యి పెట్టి, "భూమితల్లి కడుపులో పెడతాండాము. అంతకన్నా పెద్ద దేవునిల్లు యాడుంటాది?"

"దీపమన్నా పెడతావా లోపల?" అన్నాను. వెనకాల మా చిన్నాయన పకపక నవ్వి, "దీపమేమి, మంచమేసి నిన్నూ పండబెడతాంలే, కాపుంటావు," అన్నాడు. అమ్మ తలుపు వెనకాల నిలబడి ఉంది. మరిది ముందర, మొగుడి ముందర ఆమె నోరెత్తి ఎరుగదు. నా భుజం పట్టుకుని పక్కకు తీసింది. ఆమె చేతి వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆమెకూ తెలుసని నాకు అప్పుడే అర్థమైంది.

చావిడిలోని కుండ కోసం కూడా మా నాయన పోయాడు. నేను వెనకాలే పోయి గుమ్మం దగ్గర నిలబడ్డాను. తాత పత్తి ఏకుతున్న విల్లు పక్కన పెట్టి, గడ్డం మీది దూది దులుపుకుని, నిదానంగా విన్నాడు.

"అక్క పెట్టిపోయిందప్పా. అక్క వచ్చి అడిగితే దించుతా."

"నేనెవర్ని తాతా? ఆమె కొడుకును గాదా? పరాయోన్నా?"

"కొడుకువే, కాదన్లేదు. నీ చేతికిస్తే కుండ యాడికీ పోదు, నాకు తెలుసు. నా మాట పోతాది."

"సోదాకొచ్చేవోల్లు ఈడికి రారనుకుంటాండావా?"

"వస్తే రానీ. నాకు పెట్టమని చెప్పినారు, దాయమని చెప్పలా."

మా నాయన ముఖం ఎర్రబడింది. చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చేశాడు. ఆ రోజు నుంచి ఆయన తాతతో మాట్లాడలేదు.

సర్కారు మనుషులు రానే వచ్చారు. గింజలు పోసే గుమ్ములు తట్టి చూశారు, అటకలు ఎక్కారు, వాకిట్లో పాతర మీద నిలబడే నీళ్ళడిగి తాగారు. వాళ్ళలో పెద్దాయన దేవునింటి గడప దాకా వచ్చి, లోపల చీకట్లో వెలుగుతున్న దీపాన్ని చూసి, ఏముందని అమ్మను అడిగాడు. దేవుడు అంది అమ్మ. ఆయన బూట్ల కాలు గడప ఇవతలే ఆగిపోయింది. నెత్తి మీద టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని వెనక్కి తిరిగాడు. చావిడిలోనూ అంతేనట, పెట్టెను చూసి నుదుటికి చెయ్యి ఎత్తి బయటికి నడిచారట. ఆ మాట విని మా నాయన ఏమనుకున్నాడో తెలియదు గాని, ఆ పూట రొట్టె సగం వదిలేసి లేచాడు. నేను మాత్రం ఖాళీ అరలో దీపం పెడుతూనే ఉన్నాను. శుక్రవారం కుండల్లో చెయ్యి పెట్టడానికి కుండలు లేవు, ఊరికే చెయ్యి గాల్లో తిప్పేదాన్ని, ఎవరూ చూడకుండా.

శ్రావణంలో జేజి తిరిగి వచ్చింది. మేనత్తకు కొడుకు పుట్టాడు, ఆ సంబరమంతా వీధి మొదట్లోనే చెప్పుకుంటూ వచ్చింది. కాళ్ళు కడుక్కుని నేరుగా దేవునింట్లోకి పోయి, బయటికి వచ్చేటప్పటికి సంబరం లేదు. నన్ను పిలిచింది. జరిగింది జరిగినట్టు చెప్పాను, చెప్పి, నువ్వు నాకు అప్పజెప్పి పోతే నేను కాయలేకపోయినానని వెక్కివెక్కి ఏడ్చాను.

"గడపలో నిలబడినావా లేదా?"

"నిలబడినా."

"చెప్పినావా లేదా?"

"చెప్పినా. చిన్నాయన నవ్వినాడు."

"నవ్వనీలే వాన్ని. దీపం ఆర్పలేదు గదా నువ్వు. ఇంకెందుకేడుపు, ముక్కు తుడుచుకో."

ఆ మరునాడే పాతర బండ ఎత్తించింది. మూడు పొద్దులు దీపం దించి చూసి, నాలుగో పొద్దు నిలిచాక మా చిన్నాయన దిగి కుండలు ఒక్కొక్కటే మోకుకు కట్టి పైకి పంపాడు. పైకి చూడటానికి కుండలు కుండల్లాగే ఉన్నాయి, గింజ గింజలాగే ఉంది, కాకపోతే పాతర వాసన పట్టింది. ప్రతి ఇంటి కుండలోంచి గుప్పెడు తీసి, తడిగుడ్డలో మూటకట్టి, మా వంటింటి పొయ్యి పక్కన వరసగా ఎనిమిది మూటలు పెట్టింది జేజి. మూడు పొద్దులు అవతల ఎనిమిదిళ్ళ ఆడవాళ్ళూ మగవాళ్ళూ మా వాకిట్లో చేరారు. మూటలు విప్పింది. గింజలు నాని ఉబ్బి ఉన్నాయి, నొక్కితే పాలు కారి మెత్తగా జారిపోయాయి. ఒక్కదానికీ తెల్లటి ముక్కు రాలేదు. ఎనిమిదో మూట విప్పేటప్పటికి మా నాయన అరుగు దిగి నేల మీద కూర్చుండిపోయాడు.

"పాతరది తప్పు లేదురా," అంది జేజి, గొంతు పెంచకుండా. "నువ్వేమడిగినావు దాన్ని? దాచమన్నావు, దాచింది. దాన్ని దేవునిల్లు అనుకుంటివి, అది నీ తప్పు."

ఆ మాట తరవాత ఆమె కొడుకును ఆ విషయంలో ఇంకొక్క మాట అన్నది నేను వినలేదు, ఆమె కాలం చేసేదాకా.

అప్పుడామె నన్ను వెంటబెట్టుకుని చావిడికి నడిచింది. ఊరంతా వెనకాల నడిచింది. తాత ఆమెను చూడగానే లేచి, కాళ్ళు చేతులు కడుక్కుని, అటక మీదికి నిచ్చెన వేశాడు.

"తమ్ముడా, నా కుండ," అంది.

"నీ కుండే అక్కా. మూతి గుడ్డ నేను విప్పలా. ఊదు పొగ మాత్రం బేస్తవారం బేస్తవారం పెడతాండా, పీర్లకు పెట్టేటప్పుడు దీనికీ ఇంత చూపిస్తాండా. ఏమన్నా అయ్యిండదు గదా?"

ఆ గింజలు తడిగుడ్డలో కట్టిన మూడో పొద్దుకు, మా జేజి మూట విప్పి నా ముందర పెట్టింది, వేరే ఎవరికీ చూపించకముందే. తెల్లటి మొలకలు, గుడ్డను చీల్చుకుని పోయేటన్ని. నేను మళ్ళీ ఏడ్చాను, ఈసారి నా ముక్కు ఆమే కొంగుతో తుడిచింది.

కానీ కుండ ఒకటి, ఇళ్ళు ఎనిమిది. నందికొట్కూరు సంతలో ఆ యేడు విత్తనం దొరకడం లేదు, దొరికినా మా నల్లరేగడికి, మా వానలకు అలవాటు పడ్డ గింజ కాదు. కుండ మాది కాబట్టి మా చేలల్లో విత్తుకోవచ్చు, ఎవరూ కాదనరు. మా చిన్నాయన ఆ మాట అననే అన్నాడు. జేజి ఆయన వైపు చూసిన చూపుకు ఆయన తువ్వాలు భుజం మార్చుకుని గోడ పక్కకు జరిగాడు. మనల్ని నమ్మి ఏడిళ్ళవాళ్ళు మన పాతరలో దించినారు, ఇప్పుడు మన ఇంట్లో మాత్రమే జొన్న మొలిస్తే ఆ అన్నం నేను తినను అని చెప్పేసింది. ఆమె తీర్పు ఇది. పాతరలోని పాత జొన్నలు ఎనిమిదిళ్ళూ పంచుకుని సంవత్సరం గడపాలి. చేలల్లో ఎవరికి దొరికిన శనగలు, ధనియాలు వాళ్ళు వేసుకోవాలి. కుండలోని గింజ మాత్రం ఒక్కచోటే, చావిడికి మాన్యంగా ఉన్న దిగువ చేనులో విత్తాలి, దాంట్లో పండిన ఒక్క గింజ కూడా ఎవరూ తినకూడదు, అంతా విత్తనానికే.

పచ్చజొన్న లేని యేడు పశువులకు మేత లేని యేడు. కష్టం పడ్డాం, పడలేదని చెప్పను. రెండు జతల ఎద్దుల్ని అమ్ముకున్న ఇల్లు ఉంది. రొట్టెలు పలచనయ్యాయి. అయినా ఆ దిగువ చేనులో ఉత్తర కార్తెలో వాన పడ్డ మరునాడు ఎనిమిదిళ్ళ మగవాళ్ళూ ఒకే గొర్రు వెనకాల నడవడం, ఆడవాళ్ళం గింజలు వదలడం నా కళ్ళముందర ఇప్పుడూ కనబడుతుంది. నా చేత కూడా ఒక సాలు వేయించింది జేజి.

కంకి పాలు పోసుకున్న రోజు నుంచి కోత దాకా మా నాయన ఇంట్లో ఉండలేదు. దిగువ చేనులో మంచె కట్టించుకుని, వడిసెల పట్టుకుని పొద్దంతా దాని మీదే. రోజూ కూడు నేనే తీసుకుపోయేదాన్ని. ఒకరోజు నేను పోయేటప్పటికి మంచె కింద తాత కూర్చుని ఉన్నాడు, ఏడెనిమిది నెలల తరవాత ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"పిట్టలు నిన్ను చూసి భయపడతాండాయా, నీ వడిసెలను చూసా?" అంటున్నాడు తాత.

"వడిసెలేముంది తాతా, నా మొగం చాలదా," అన్నాడు మా నాయన. ఇద్దరూ నవ్వుకున్నారు. మా నాయన నేను దింపిన సద్దిలోంచి రొట్టె సగం తుంచి తాతకు ఇచ్చి, ఆయన తినేదాకా ఆగి తాను తిన్నాడు. అంతకు మించి ఆ ఇద్దరి మధ్య క్షమాపణలేవీ జరగలేదు, అవసరం కూడా రాలేదు.

పండింది. ఆ నేలకు ఆ గింజ తెలుసు, ఆ గింజకు ఆ నేల తెలుసు. మొదటి కంకి చావిడి గుమ్మానికి కట్టారు, రెండోది మా దేవునింటి గూట్లో పెట్టారు. మంచి కంకులు ఏరడానికి ఎనిమిదిళ్ళ ఆడవాళ్ళూ చేనులోకి దిగిన రోజు, ఏరడం ఎలాగో చూడటానికి మగవాళ్ళు గట్టు మీద నిలబడ్డారు, మా ఊళ్ళో అంతకు ముందెప్పుడూ అలా జరగలేదు. ఇంటింటికీ రెండు కుండలు నిండాయి. ఒకటి ఎవరి దేవునింట్లో వాళ్ళు పెట్టుకున్నారు. రెండోది ఎవరూ చెప్పకుండానే చావిడికి పోయింది. అటక చాలక తాత ఇంకో అటక కట్టించాడు. అప్పటి నుంచి నాకు పిల్లలు పుట్టేదాకా మా ఊళ్ళో అది ఆచారమైపోయింది. పక్క ఊళ్ళవాళ్ళకు విత్తనం పోతే మా ఊరికి వచ్చేవాళ్ళు, ఒట్టి చేతులతో పంపిన జ్ఞాపకం నాకు లేదు. ఇది చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెద్దదవుతుందని మా కోడలు ఎగతాళి చేస్తుంది. అవుతుంది మరి, ఎందుకు కాకూడదు?

అదే ఏట ఒక శుక్రవారం కుండల్లో చెయ్యి పెట్టడం జేజి పూర్తిగా నాకు వదిలేసింది. తనకు వాసన తెలియడం లేదంది. అబద్ధమని నాకు తెలుసు.

ఇప్పుడు విత్తనం సంచీల్లో వస్తుంది, ప్రతి యేడూ కొత్తది, మీద బొమ్మ వేసి. నిలవ ఉంచితే పనికిరాదని వాళ్ళే చెబుతారు. మా దేవునిల్లు పూజగది అయింది, పాలరాయి వేశారు, పొగ పట్టకూడదని దీపానికి బదులు చిన్న బల్బు వెలుగుతుంది, దాన్లో దేవుడు తప్ప ఎవరూ ఉండరు. సొమ్ములు పట్నంలో బ్యాంకులో ఉంటాయి. చావిడికి సిమెంటు వేశారు, పెట్టె మాత్రం ఇంకా పైనే ఉంది. తాత మునిమనవడు లారీ తోలుతాడు, పండగకు తప్పకుండా వస్తాడు, వచ్చినప్పుడు నా దగ్గర కూర్చుని ఏమవ్వా బాగుండావా అని అడిగి పోతాడు. అటక మీద కుండలు లేవు. వాళ్ళను గాని వీళ్ళను గాని తప్పుపట్టడం లేదు నేను, ఎవరి కాలం వాళ్ళది. తావులు పోయాయి కాబట్టి మాటలు పోయాయో, మాటలు పోయాయి కాబట్టి తావులు పోయాయో, అంత తేల్చగల చదువు నాకు లేదు. దాచుకోవడం మాత్రం అందరికీ ఇంకా వచ్చు.

వాకిట్లోని పాతరను పూడ్చేస్తామని మా మనవడు అంటే, దీపం నిలిచేదాకా ఆగమన్నాను. యంత్రానికి రోజు కూలి దండగని గొణిగాడు గాని ఆగాడు. పొద్దుకొకసారి పక్కింటి చిన్నోడే వచ్చి, నేను చెప్పకముందే ప్రమిద వెలిగించి దించి చూసేవాడు. మూడో పొద్దు సాయంత్రం, "అవ్వా, నిలిచింది," అని కేకేశాడు. నేను కర్ర పట్టుకుని పోయి చూశాను. ఎంతో లోతున, కుండ కడుపులాంటి ఆ చీకట్లో, చిన్న దీపం కదలకుండా వెలుగుతూ ఉంది. వాడిని దింపి, అడుగున ఏమైనా మిగిలి ఉందేమో చూసి రమ్మన్నాను. గుప్పెడు జొన్నలు తెచ్చి నా కొంగులో పోశాడు. నల్లబడ్డాయి. వాసన మాత్రం అదే.

ఆ మరునాడు పాతరను రాళ్ళతో నింపేశారు. ఆ గింజల్ని నేను తడిగుడ్డలో మూటకట్టి పొయ్యి పక్కన పెట్టాను. మొలవవని నాకు తెలుసు, ఈ ఊళ్ళో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అయినా మూడో పొద్దుకు విప్పి చూశాను.